ఊకబయలు మీద షీ

పందొమ్మిది వందల ఇరవై ఐదో సంవత్సరం సంగతి ఇది. ఆ ఏడు బర్మాలోని రంగంలో, అదే రంగూన్లో, చలి కాస్త ముందే దిగింది. కార్తీకం వెళ్ళకుండానే పొద్దున్నపూట పజుండౌంగ్ కాలవ మీద మంచు పరుచుకునేది. అవతలి గట్టున ఉన్న బియ్యం మిల్లుల పొగగొట్టాలు, కింద మొదలనేది లేకుండా గాలిలో నిలబడ్డట్టు కనిపించేవి. నేను మా గది ముందు వసారాలో గోనెపట్టా పరుచుకుని, రోజూ వాటినే చూస్తూ కూర్చునేవాణ్ణి. నాకు వేరే పని లేదు మరి.

అంతకుముందు ఆషాఢంలో, నేను పనిచేసే కర్రల అడితిలో టేకు దుంగ ఒకటి జారి నా కుడికాలి మీద పడింది. ఎముక అతుక్కుంది గాని పాదం మాత్రం నా మాట వినడం మానేసింది. వేళ్ళు పైకి లేవవు. నడిస్తే ఆ పాదాన్ని నేల మీద ఈడ్చుకుంటూ పోవాలి. గడప వచ్చినా, రాయి అడ్డొచ్చినా తగులుకుని బోర్లా పడాలి. వడ్రంగినన్న మాటే గాని నిచ్చెన ఎక్కలేను, దూలం భుజానికెత్తలేను. అడితివాళ్ళు నా చోట్లో ఇంకొకణ్ణి పెట్టుకున్నారు. నేను వసారా దిగడం మానేశాను. వీధిలో నాలుగు అడుగులు వేస్తే చాలు, జనం ముందు నా కాలికేసి, తరవాత నా మొహంకేసి చూసేవారు. ఆ రెండో చూపు నాకు పడేది కాదు.

మా ఆవిడ పైడితల్లి తెల్లవారకుండానే కాలవ దాటి మిల్లుకు వెళ్ళేది. నూకలు చెరిగే పని. సందెవేళకి జుట్టంతా తవుడు పట్టి వచ్చేది. వచ్చి, వంట చేసి, నాకు పెట్టి, తను తినేది. ఒక్కనాడు విసుక్కున్నది లేదు. అదే నన్ను ఎక్కువ కాల్చేది.

"మాగంలో ఓడెక్కి ఎల్లిపోదాం," అన్నాను ఒకరోజు. "బీమిలిలో అన్నయ్య కాడ పడుందాం. నువ్వు కట్టపడి తెస్తే నాను కూకోని తినడం నా వల్ల కాదు."

"కూకోమన్నదెవులు?" అంది పైడితల్లి.

"సత్యారావుకి కబురెట్టీసినాను. మనిద్దరి పేర్లూ రాసీసుకున్నాడు."

సత్యారావు అంటే మమ్మల్ని ఈ దేశం తీసుకొచ్చిన మేస్త్రీ. ఓడకు మనుషుల్ని పంపేదీ, దింపుకునేదీ అతనే. ఆ మాట వినగానే చెంబు తోముతున్న పైడితల్లి చెయ్యి ఆగింది.

"నన్నడిగినావేటి?" అంది.

ఆమె కాసేపు నాకేసి చూసి, మళ్ళీ చెంబు తోముకుంది.

*

మార్గశిరం మొదట్లో ఒక సాయంత్రం ఆమె తలగుడ్డ విప్పుతూనే, "మావా, నీకు పని తెచ్చినాను," అంది.

ఆమె పనిచేసే మిల్లులో యంత్రాలు చూసుకునే దొర ఒకాయన ఉండేవాడు. ఆయన ఇంగిలీషువాడు కాదు. నార్వే అని, ఉత్తరాన ఎక్కడో చలిదేశం. ఆయన పేరు హాల్వర్. అది మన ఆడవాళ్ళ నోళ్ళలో పడి ఆళ్వారు అయింది. యాభై దాటిన మనిషి, తాడిచెట్టంత పొడుగు, ఎర్రటి మొహం. "ఆళ్వారు దొర" అంటే తనే అని ఆయనకీ అలవాటైపోయింది.

"ఏటో రెండు సెక్కలట. ఇంత పొడుగట. మూతులు ఒంపు తిరగాలట. పడవా కాదు, నాగలీ కాదు. ఇద్దరు వడ్రంగుల్నడిగితే నవ్వీసి పోనారట. మా మావ సేస్తాడని సెప్పీసినాను."

"నాను సెయ్యలేను."

"కూకునే సెయ్యొచ్చు."

"నన్నడిగినావేటి, సెప్పీడానికి?"

"నువ్వు నన్నడిగినావా?" అంది ఆమె, పొయ్యి దగ్గరకు పోతూ.

మర్నాడు ఆళ్వారు దొర మా వసారాకే వచ్చాడు. నాతో పాటు గోనెపట్టా మీద కూలబడి, కాగితం పరిచి బొమ్మ చూపించాడు. వచ్చీరాని హిందుస్తానీలో కొలతలు చెప్పాడు. నా ఎత్తు మీద ఇంకో మూరెడు పొడుగు, నాలుగు వేళ్ళ వెడల్పు. నడుమ బొటనవేలి మందం, చివరలకు వచ్చేసరికి చిటికెనవేలి మందం. చెక్క మొత్తం విల్లులా కొంచెం పైకి లేచి ఉండాలి. అడుగున పొడుగునా సన్నటి గాడి.

"ఇవి ఎందుకు దొరా?" అన్నాను.

"బరఫ్ మీద నడవడానికి."

బరఫ్ అంటే నాకు తెలిసింది, రంపపుపొట్టులో పూడ్చి బండి మీద తెచ్చే ఐసు దిమ్మలే. వాటి మీద నడవడమేమిటి? తమ దేశంలో అది ఆకాశం నుంచి దూదిలా పడుతుందనీ, నెలల తరబడి మోకాలిలోతు నేలంతా కప్పేస్తుందనీ, మామూలుగా అడుగేస్తే దిగబడిపోతామనీ ఆయన చెప్పాడు. ఈ చెక్కలు కాళ్ళకు కట్టుకునే పాలకు పోతారు, చుట్టాల ఇళ్ళకు పోతారు, శవాన్ని మోసుకుని కూడా పోతారు.

"మరి రంగంలో బరఫ్ ఎక్కడుంది?"

ఆయన చెయ్యి చాపి కాలవ అవతల, మిల్లు వెనకవైపు చూపించాడు. నాకు అర్థమైంది. ఊకబయలు.

మిల్లులో వడ్లు ఆడగా వచ్చిన ఊక కొంత బాయిలర్లోకి పోతుంది. మిగిలినదాన్ని ఏళ్ళ తరబడి వెనకనున్న చిత్తడినేలలో పోస్తూ వచ్చారు. అది పరుచుకుని పరుచుకుని, అరమైలు పొడుగున లేత పసుపురంగు మైదానమైంది. గడ్డి మొలవదు, పశువు పోదు. మనిషి అడుగేస్తే మోకాలిదాకా దిగుతాడు. దాని అవతలి అంచున రెల్లు, నీళ్ళు, పక్షులు. ఆ పక్కకు ఎవరూ పోగా నేను చూడలేదు.

టేకు వద్దనుకున్నాను. అంత సన్నగా తీసి వంచితే పెళుసుగా విరుగుతుంది. పడవల పక్కపలకలకు బర్మావాళ్ళు వాడే తింగన్ కర్ర తెప్పించమన్నాను. అయిదు నెలలుగా నూనె ముఖం ఎరగని చిత్రికను తీసి పదును పెట్టాను. మొదటిసారి చిత్రిక పట్టినప్పుడు పొడుగ్గా, చుట్టలు చుట్టుకుంటూ ఒక పేడు లేచింది. దాన్ని వాసన చూశాను. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, మళ్ళీ వాసన చూశాను.

కిరసనాయిలు డబ్బాలో నీళ్ళు మరగబెట్టి, తడిగోనె చుట్టి, మూతులు ఆవిరి పట్టించాను. మొదటి చెక్క సగం ఒంపు తిరిగి చిటుక్కుమంది. ఆ రోజంతా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పైడితల్లి వచ్చి చూసి, విరిగిన ముక్క పొయ్యిలో పెట్టి అన్నం వండింది. మర్నాడు ఇంకాస్త సన్నగా తీసి, ఇంకో గంట ఎక్కువ ఆవిరి పట్టి, గోరంత గోరంత చొప్పున వంచుతూ పోయాను. వంచి, అచ్చుకు తాళ్ళతో బిగించి మూడు రోజులు వదిలేశాను. తాళ్ళు విప్పితే మూతులు రెండూ వంపు చెడకుండా నిలబడ్డాయి. వేళ్ళు దూర్చుకోవడానికి తోలు పట్టీలు వేశాను. నేలకు పొడిచి ముందుకు తోసుకోవడానికి రెండు వెదురుకర్రలు చెక్కి, అవి ఊకలో దిగిపోకుండా కొసల దగ్గర బెత్తంతో గుండ్రటి చుట్లు అల్లాను.

దొర వచ్చి వాటిని చేతిలోకి తీసుకున్నాడు. గాడిలో వేలు పోనిచ్చాడు. విల్లును అరచేత్తో నొక్కి వదిలాడు. మొహం ఇంకా ఎర్రబడింది.

"షీ!" అన్నాడు. "షీ! షీ!"

పైడితల్లి చేతిలో ఉన్న చేట కిందపడేసింది. "ఛీ అంటాడేటి ఈ మడిసి! పదైదు రోజులు నడుం ఇరిగిపోయేలాగ కూకోని సేస్తే, ఛీ అంటాడా? నచ్చకపోతే ఒట్టుకెల్లద్దను!"

ఆవిడ ఏమంటోందని దొర నన్నడిగాడు. చెప్పాను. ఆ చెక్కల పేరే వాళ్ళ భాషలో 'షీ' అట. సంగతి తెలిశాక ఆయన నవ్విన నవ్వుకు వసారా బల్లలు కదిలాయి. పైడితల్లి చేట తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఆదివారం పొద్దున్నే వస్తాను. నువ్వు కూడా రావాలి," అన్నాడు నాతో.

"అంత దూరం నేను నడవలేను దొరా."

"నడిపిస్తానని ఎవరన్నారు? పడవలో వద్దువు."

*

ఆదివారం ఇంకా వెలుగు సరిగా రాలేదు. దొర సంపాన్ పడవ తనే నడుపుకుంటూ రేవుకు వచ్చాడు. నన్ను పైడితల్లి భుజం పట్టి దింపింది. తను కూడా ఎక్కి కూర్చుంది. "నాను సూడొద్దా, ఆ సీ ఏటో?" అంది.

ఎంత మంచు ఉందంటే, పడవ ఈ కొసన కూర్చుంటే ఆ కొస కనిపించలేదు. సెలవు కాబట్టి మిల్లుల కూతలు లేవు. నేను రంగం వచ్చి తొమ్మిదేళ్ళు. ఈ ఊరు నోరు మూసుకుని ఉండగా అంతకుముందు ఎప్పుడూ వినలేదు. తెడ్డు నీళ్ళలో పడే చప్పుడు ఒకటి, మంచు చుక్కలై రేవుకర్రల మీంచి రాలే చప్పుడు ఒకటి, అంతే.

ఊకబయలు తడిసి ఉంది. రాత్రంతా కురిసిన మంచుకు పైపొర అణిగి, నున్నగా, తెల్లగా మెరుస్తోంది. దొర బూట్లకు పట్టీలు బిగించుకున్నాడు. చెక్కల అడుగున తేనెమైనం రుద్దాడు. రెండు కర్రలూ పొడిచాడు. అంత బరువైన మనిషి, ఊక మీద ఆకులా తేలి ముందుకు జారాడు. కుడి, ఎడమ, కుడి, ఎడమ. చప్పుడంటే, చేటలో బియ్యం మెల్లగా కదిపినట్టు సుయ్ సుయ్ మని. పది బారలు పోగానే మంచులో కలిసిపోయాడు.

"ఎల్లిపోనాడు," అంది పైడితల్లి నెమ్మదిగా.

మేమిద్దరం గట్టు మీద కూర్చున్నాం. చాలాసేపటికి ఆ సుయ్ సుయ్ దగ్గరకొచ్చింది. దొర మొహమంతా తడిగా ఉంది. అది మంచో, చెమటో, ఇంకేమైనానో నేను అడగలేదు. మా పక్కన కూలబడి, "బరఫ్ చూసి పదకొండేళ్ళు," అన్నాడు. తరవాత పట్టీలు విప్పి చెక్కలు నా ముందు పెట్టాడు.

"నావల్ల కాదు దొరా. నా పాదం లేవదు."

"లేవనక్కర్లేదు," అన్నాడాయన. "ఎత్తితేనే తప్పు. ఎత్తొద్దు, తొయ్యి. చేసినవాడివి, ఎక్కి చూడవా?"

పైడితల్లి వంగి, నా పాదం తన చేతుల్లోకి తీసుకుని పట్టీలో దూర్చింది.

మొదట రెండుసార్లు పడ్డాను. ఊక మీద పడితే దెబ్బ తగలదు. మెడలోకి, చెవుల్లోకి పోయి గుచ్చుకుంటుందంతే. మూడోసారి కర్రలు ఆన్చి, ఎడమకాలు తోశాను, జారింది. కుడికాలు తోశాను. అది కూడా జారింది. నేను ఆగిపోయి కిందికి చూసుకున్నాను. మళ్ళీ తోశాను. మళ్ళీ జారింది. మడమ దానంతట అది లేస్తోంది, వేళ్ళు పట్టీలో ఊరికే ఉంటున్నాయి. అయిదు నెలలుగా నాకు బరువైన ఆ పాదం, ఇప్పుడు నేను చెప్పినంత దూరం పోతోంది.

తరవాత నేను వెనక్కి చూడలేదు.

ముందు కర్రల మీదే ప్రాణం పెట్టుకున్నాను. పోనుపోను ఒక లయ దొరికింది. చిత్రిక పట్టేటప్పుడు కూడా అలాంటి లయే ఒకటి దొరుకుతుంది, దొరికాక చెయ్యి మన మాట కోసం ఆగదు. చల్లగాలి ముక్కులోంచి గుండెల్లోకి పోతోంది. ఊక వాసన, తడినేల వాసన. ఎదరంతా తెల్లగా ఉంది. ఎటు పోతున్నానో తెలియదు, ఎటు పోయినా అడ్డం లేదు. కాసేపటికి ఆ తెలుపులో కాస్త పసుపు కలిసింది, ఎండ వస్తోంది కాబోలు. పడమటివైపు ష్వేడగోన్ పగోడా కొస ఒక్కటే, కింద గుడి లేకుండా, మంచు మీద కనిపించింది.

ఊకబయలు అయిపోయి రెల్లు మొదలైన చోట ఆగాను. నీళ్ళ మీద చిలువబాతులు గుంపుగా ఉన్నాయి. నేను చప్పుడు చెయ్యకుండా వచ్చానేమో, లేవలేదు. ఒకటి మెడ తిప్పి చూసి మళ్ళీ రెక్కలో ముక్కు పెట్టుకుంది. నా ఊపిరి పొగలా ఎదుట కనబడుతోంది. అక్కడ ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను.

రెల్లులోంచి బర్మా ముసలామె ఒకతె వచ్చింది. పెంపుడు బాతులు కాస్తూ ఆ గట్టునే గుడిసెలో ఉంటుంది. డో మ్యా అంటారని తరవాత తెలిసింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, నోట్లో చుట్ట తీసి, "పడవ లేకుండా పడవ నడుపుతున్నావే!" అంది వాళ్ళ భాషలో. పకపకా నవ్వి, "జాగ్రత్త, అటుపక్క లోతు," అని చేయి చూపించి తన బాతుల్ని అదిలించుకుంటూ వెళ్ళిపోయింది.

అంతే. నా కాలి సంగతి ఆమెకు తెలియనే లేదు.

తిరిగి రావడానికి మళ్ళితే నేను వచ్చిన దారి కనిపించింది. వానాకాలం చివర్లో ఒకసారి బురదలో నా అడుగులు చూసుకున్నాను. ఒకపక్క పాదం గుర్తు, ఒకపక్క పాము పాకినట్టు ఈడ్చిన చార. ఇప్పుడు ఊక మీద రెండు గీతలు, మంచులోంచి నా దాకా వచ్చాయి. ఏది కుడికాలిదో, ఏది ఎడమకాలిదో పోల్చుకోలేకపోయాను. రెండూ ఒకేలా ఉన్నాయి.

ఆ గీతలమీదే వెనక్కి వచ్చాను.

పైడితల్లి గట్టు మీద లేచి నిలబడి ఉంది. "ఎంతసేపు మావా! దిగబడిపోనావేటో అని..." అంటూ నా మొహం చూసి ఆ మాట మధ్యలో ఆపేసింది. తరవాత కోక గోచీ పెట్టి, "ఇయ్యి ఇటియ్యి," అంది.

ఆమె నాకంటే ఎక్కువసార్లు పడింది. ఒకసారి కాళ్ళు చెరోపక్కకూ పోయి అలాగే కూలబడి, లేవలేక నవ్వడం మొదలుపెట్టింది. దొర చెయ్యి అందించబోతే ఆయన్ని కూడా ఊకలోకి లాగేసింది. ముగ్గురం నవ్వాం. ఆమె నవ్వు ఎలా ఉంటుందో నాకు మరుపొచ్చిందని అప్పుడు తెలిసింది.

పడవలో వస్తుంటే మంచు విడిపోయింది. పైడితల్లి జుట్టు విప్పుకుని ఊక ఏరుకుంటోంది.

"ఒలే పైడీ," అన్నాను. "నీకు ఊరెల్లాలనుందా?"

ఆమె చేతివేళ్ళు జుట్టులో ఆగాయి. నీళ్ళకేసి చూస్తూ, "నేదు," అంది.

"అయితే సత్యారావుకి సెప్పీసొస్తాను."

"నాను సెప్తాన్లే. నువ్వంత దూరం..."

"నానే ఎల్తాను. మెల్లిగా ఎల్తాను."

*

సత్యారావు ఊరి నడుమ పబేడాన్‌లో ఒక కాఫీహోటల్ ముందు బల్ల వేసుకుని కూర్చునేవాడు. ఊతానికి ఒక వెదురుకర్ర పుచ్చుకుని, పొద్దున్న బయల్దేరితే చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. దారిలో జనం నా కాలికేసి చూశారు, మొహంకేసి చూశారు. నేను కూడా వాళ్ళ మొహాలకేసి చూశాను. చాలామంది తమ పని మీద తాము పోతున్నారు.

"రాసీసినాక మల్లీ కొట్టీమంటావేటయ్యా బంగారయ్యా?" అని సత్యారావు చికాకుపడ్డాడు. "కుంటికాలితో ఈడ ఏటి సేస్తావు?"

"ఏదో సేస్తాను. మా ఆడది ఉంటానంతంది," అన్నాను.

అతను గొణుక్కుంటూ కలం తీశాడు.

మిల్లులో ఊక సర్దే మనుషులు రోజూ మోకాళ్ళదాకా దిగబడేవారు. లోపల ఎక్కడో రాజుకుని ఉన్న నిప్పు తగిలి ఒకరిద్దరికి కాళ్ళు కాలాయి. మాఘం వచ్చేలోపల వాళ్ళకోసం పొట్టిగా, వెడల్పుగా పన్నెండు జతల చెక్కలు చేశాను. అవి చూసి దొర నన్ను మిల్లు వడ్రంగిగా పెట్టించాడు. యంత్రాలకు కర్ర అచ్చులు చెయ్యడం, కూర్చుని చేసే పని. పదిహేనేళ్ళు అదే చేశాను. పాదం నయం కాలేదు. గడపల దగ్గర ఇప్పటికీ తగులుకుంటాను.

ఆ చలికాలం పొడుగునా ఆదివారాలు మావే. దొర ఒకవారం వచ్చేవాడు, ఒకవారం రాడు. అయినా మేం పోయేవాళ్ళం. మాఘం చివరకు గాలి తిరిగింది. పగటిపూట ఉక్కగా ఉంటోంది. ఇక మంచు పడేది ఒకటో రెండో రోజులని తెలుస్తూనే ఉంది. ఆ ఆదివారానికి నేను ఇంకో జత సిద్ధం చేశాను. చిన్నవి, తేలికవి, ఆమె ఎత్తుకు కొలిచి చేసినవి. పైడితల్లి వాటిని తిప్పి తిప్పి చూసి, "సీ," అంది, దొర అన్నట్టే కళ్ళు పెద్దవి చేసి.

కట్టుకుందో లేదో, నాకోసం ఆగకుండా బయల్దేరిపోయింది. నేను ఇంకా రెండో పట్టీ బిగించుకుంటున్నాను. పలచటి మంచులో ఆమె కోక ఎరుపు కాసేపు కనిపించింది, తరవాత అదీ లేదు.

"ఒలే, ఆగవే!" అని కేకేశాను.

ఎక్కడో దూరం నుంచి జవాబు వచ్చింది. "నువ్వే బేగి రా మావా! బాతులు లేస్తన్నాయి!"

నేను కర్రలు పొడిచి బయల్దేరాను.